పొట్టి గార్డూ, పీడీ గారి మీసమూ

ఆ రోజుల్లో మా గోదావరి జిల్లాల్లో ఆడపిల్ల పొడుగ్గా ఉంటే "దీనికి తగ్గ మొగుణ్ణి ఎక్కణ్ణించి తేవాలి" అనేవారు, పొట్టిగా ఉంటే "పొట్టిదానికి పుట్టెడు బుద్ధులు" అనేవారు, సమంగా ఉంటే రంగు గురించి మాట్లాడేవారు. ఎలా ఉన్నా మాటపడటం ఖాయం కనక నా ఎత్తు గురించి పెద్దగా బెంగపడకుండానే పెరిగాను. మాది రావులపాలెం, నాన్నగారిది అరటిగెలల వ్యాపారం. మా ఇంట్లో గెల ఎంత పొడుగుందన్నది ముఖ్యం గానీ పిల్ల ఎంత పొడుగుందో ఎవరికీ పట్టేది కాదు. రాజమండ్రిలో ఆడపిల్లల కాలేజీలో డిగ్రీకి చేరి, బాస్కెట్‌బాల్ ఆడాలని బుద్ధి పుట్టాక (పుట్టెడు బుద్ధుల్లో ఇదొకటి) నా ఎత్తు దేశసమస్యంత అయి కూర్చుంది.

దాన్ని సమస్య చేసినవారు మా పీడీ గారు, అంటే ఆటలు నేర్పే మాస్టారు. ఆరడుగుల మనిషి, ఆ ఎత్తుకి తగ్గ మీసం. టీముని ఎంచడంలో ఆయన పద్ధతి మహా శాస్త్రీయం. పిల్లని పక్కన నిలబెట్టుకునేవారు. తల ఆయన భుజం దాకా వస్తే బాస్కెట్‌బాల్, రాకపోతే ఖోఖో. నేను మోచేతికి కాస్త పైన ఆగిపోయాను. అయినా వదల్లేదు. "గార్డుగా ఆడతానండి. బంతి తీసుకెళ్ళి మిగతావాళ్ళకి అందివ్వడమే కదండి గార్డు పని, దానికి ఎత్తెందుకండి" అన్నాను. హాస్టళ్ళలోకీ ఇళ్ళలోకీ కేబుల్ టీవీ అప్పుడప్పుడే వస్తున్న కాలం. పీడీ గారు పొద్దున్నే లేచి అమెరికా ఆటలు చూసి, ఆ జ్ఞానాన్ని మాకు పంచేవారు. "చూడమ్మా, అక్కడ లక్షలు జీతాలిచ్చి ఆడిస్తారు. పొట్టి గార్డులు గంతులేస్తారు, జనం చప్పట్లు కొడతారు, చివరికి కప్పు పొడుగువాళ్ళే పట్టుకుపోతారు. పొట్టి గార్డు నడిపించిన టీము కప్పు గెలిస్తే ఈ మీసం తీసేస్తాను" అన్నారు, అందరూ వింటుండగానే. అన్నాక జాలేసిందో ఏమో, నన్ను ఎక్స్‌ట్రాగా రాసుకుని, గ్లూకోజు నీళ్ళు కలిపే బాధ్యత అప్పగించారు.

గార్డు పదవిలో, కెప్టెన్ పదవిలో కూడా, ప్రిన్సిపాల్ మేడం గారి మేనకోడలు ఉండేది. పొడగరే, కాదనను. బంతి కొట్టుకుంటూ వెళ్ళేటప్పుడు మాత్రం ముగ్గు పెడుతున్నదానిలా నేలకేసే చూసేది. మా టీములో అందరికన్నా పొడుగు ఉప్పాడ పిల్ల. దాన్ని లైట్‌హౌస్ అనేవాళ్ళం. వాళ్ళది చేపలవేట కుటుంబం. పడవ మీంచి విసిరిన తాడు అందుకుంటూ పెరిగిన చేతులు, వాటిల్లోకి ఏది పడ్డా జారేది కాదు. కెప్టెన్ మాత్రం దానికి బంతి ఇచ్చేది కాదు. కారణం అడిగితే ముక్కు చిట్లించి, "తర్వాత బంతంతా చేపల వాసనొస్తుంది" అనేది. ఆ మాటకి పక్కనున్నవాళ్ళు నవ్వేవాళ్ళు. లైట్‌హౌస్ నవ్వేది కాదు, కోపగించుకునేది కూడా కాదు. బుట్ట కింద చేతులు కట్టుకుని నిలబడి ఆట చూసేది. (టిక్కెట్టు లేకుండా అంత దగ్గర్నించి ఆట చూసిన ప్రేక్షకురాలు మరొకరు లేరు.)

ఆ ఏడు ఎలాగో నెట్టుకుంటూ కాకినాడలో కాలేజీల పోటీల ఫైనల్ దాకా వెళ్ళాం. అవతల భీమవరం వాళ్ళు. ఆట సగం దాటాక కూడా మేం వెనకే ఉన్నాం. అంతలో కెప్టెన్ అవతలి పిల్ల చెయ్యి పట్టుకు లాగింది. అది అయిదో ఫౌల్, బయటికి రావాల్సిందే. ఇంకో ఎక్స్‌ట్రా పిల్ల అప్పటికే మడమ బెణికి ఐసు పెట్టుకుని కూర్చుంది. పీడీ గారు బెంచీ ఈ చివర్నించి ఆ చివరిదాకా చూశారు. ఉన్నది నేనూ, గ్లూకోజు బక్కెట్టూ. బక్కెట్టు కేసి ఒక క్షణం ఎక్కువ చూశారనిపించింది. "వెళ్ళమ్మా. బంతి నీ దగ్గర ఉంచుకోకు, ఎవరికో ఒకరికి ఇచ్చెయ్యి" అన్నారు.

గురువుగారి మాట జవదాటలేదు. బంతిని మోకాలి కింద కొట్టుకుంటూ వెళ్ళాను. దాన్ని లాక్కోడానికి భీమవరం పొడుగుపిల్లలు నడుములు వంచారు, వాళ్ళు మళ్ళీ నిటారయ్యేలోగా నేను అవతలున్నాను. చెయ్యెత్తి లైట్‌హౌస్‌కి విసిరాను. అందుకుంది. వెయ్యడం మానేసి బంతిని తిప్పి చూస్తోంది. "ఏంటే, వెయ్యవే" అని అరిచాను. తాపీగా బుట్టలో వేసి, వెనక్కి పరిగెడుతూ, "బంతి మీద ఇన్ని గీతలుంటాయని ఇప్పుడే చూశానే" అంది.

ఆ తర్వాత ఇంకేం ఆలోచించలేదు. నేను విసరడం, అది వెయ్యడం. ఆఖర్న ఇద్దరు నా మీద పడితే వాళ్ళ చేతుల కిందనుంచి బంతిని నేలకి కొట్టి దాటించాను. నేను కిందపడ్డాను, బంతి దాని చేతిలో పడింది. ఒకే ఒక్క బుట్ట తేడాతో గెలిచాం. లైట్‌హౌస్ వచ్చి నన్ను చంకల కింద పట్టుకుని చంటిపిల్లలా లేపింది. ఎత్తునుంచి లోకం ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. బాగానే ఉంటుంది.

మర్నాడు హాస్టలు పిల్లలమంతా పీడీ గారి దగ్గరికెళ్ళి, "మీసం ఎప్పుడు తీస్తున్నారండి" అని వినయంగా అడిగాం.

"నేనన్నది జీతాలు తీసుకుని ఆడే టీముల సంగతమ్మా. మీకు జీతాలొస్తున్నాయా?"

"లేదండి."

"మరింకేం."

"అయితే జీతాలిప్పించండి సార్, మీసం తర్వాత చూద్దాం" అంది లైట్‌హౌస్. ఆయనకి వినపడలేదు.

పేపర్లో మా ఫొటో వచ్చింది. కప్పు కెప్టెన్ చేతిలో ఉంది. లైట్‌హౌస్ వెనక వరసలో, తల సగం ఫొటో బయట. నేను ముందు నేలమీద కెప్టెన్ పక్కనే కూర్చున్నాను, ఆమె చాచి పట్టుకున్న కప్పు నా ముఖానికి అడ్డం వచ్చింది. నాన్నగారు అది మార్కెట్లో అందరికీ చూపించి, "ఈ మోకాళ్ళు మా అమ్మాయివండి" అని చెప్పుకున్నారు.

పై ఏడు పీడీ గారి సిద్ధాంతం మారింది. "బాస్కెట్‌బాల్ పొట్టివాళ్ళ ఆట. మొదట్నించీ చెబుతూనే ఉన్నాను" అని, ఈసారి తల ఆయన భుజం దాటిన పిల్లల్ని ఖోఖోకి పంపేశారు. లైట్‌హౌస్ డిగ్రీ అయిపోయి వెళ్ళిపోయింది. మొదటి మ్యాచ్‌లోనే ఏలూరు వాళ్ళు బంతిని మా తలల మీదుగా వాళ్ళలో వాళ్ళే విసురుకుంటుంటే, విమానం చూసే పిల్లల్లా మెడలెత్తి చూశాం. నేను మాత్రం బ్రహ్మాండంగా ఆడాను. బంతిని చక్కగా తీసుకెళ్ళేదాన్ని, తీరా వెళ్ళాక పైకెత్తిన చెయ్యి ఒక్కటీ కనపడేది కాదు. తిరుగు బస్సులో పీడీ గారు, "ఎత్తు లేకపోతే లాభం లేదని నేను ముందే అన్నాను" అన్నారు. అన్నారు కూడాను, ఒకటికి రెండు సార్లు.

ఇప్పుడు నిడదవోల్లో పొద్దున్నే కాఫీ పెట్టుకుని ఫోన్‌లో అమెరికా ఆటలు చూస్తాను. ఒక పొట్టి గార్డున్నాడు, వ్యాఖ్యాతలు కూడా పొట్టివాడనే అంటారు. అతను కప్పెత్తినప్పుడు మా పెద్దమ్మ కొడుకు గెలిచినంత పొంగిపోయాను. ఓడిన రోజున, సరిగ్గా అందుకోని పొడుగువాళ్ళని తిట్టి, ఉప్మాలో ఉప్పు మర్చిపోయాను. మా వారు "అతను నీకేమవుతాడు" అన్నారు. "మా పొట్టివాళ్ళ తరపు" అన్నాను గర్వంగా. మా అమ్మాయి ఊరుకోకుండా ఫోన్‌లో వెతికి, అతను ఆరడుగుల పైనే ఉన్నాడనీ, మనింటికొస్తే గుమ్మంలో తల వంచాలనీ చెప్పింది. ఆ మాత్రం ఎత్తుకే చుట్టరికం వదులుకుంటామా అనుకుని, రెండో కప్పు కాఫీ పోసుకుని ఆట మళ్ళీ మొదట్నించి పెట్టాను.