జారుముడి

ఆవిడ వేసిన ముడి విప్పాలంటే కత్తి కావాలి. దాణా బస్తా మూతి కానీ, పాలక్యాను మూత కానీ, పశువుల పాక తలుపు కానీ, దేనికైనా పీటముడే. వీధిలో అందరూ ఆవిణ్ణి పీటముడి అనే అంటారు, ఎదురుగా తప్ప. పాలు పోసి వచ్చేలోపు ఎవరైనా ఎత్తుకుపోయారేమోనని గడ్డి కుప్ప చుట్టూ తిరిగి చూసుకునే మనిషి మరి.

ఆ రోజు ఆవిడకున్న ఒక్క ఆవూ పడుకున్న చోటి నుంచి లేవలేదు. ముందురోజే ఈనింది. పొద్దున పశువుల డాక్టరు వచ్చి సూది వేసి, "సాయంత్రంలోగా నిలబెట్టండి. లేకపోతే కాళ్లు చచ్చుబడతాయి. ఆ తర్వాత నేనొచ్చినా చేసేదేం ఉండదు" అని చెప్పి వెళ్లాడు. మధ్యాహ్నం దాకా ఆవిడ కొమ్ములు పట్టుకుని, కూతురు తోక పట్టుకుని లాగారు. ఆవు చెవులు మాత్రం కదిలించింది.

అప్పుడొచ్చాడు మరిది. భుజాన బావి గిలక, చేతిలో తాడు, చంకలో గోనె సంచులు. అన్న పోయాక పశువులు పంచుకున్నప్పుడు ఈ ఆవే కావాలని పట్టుబట్టి, దక్కక, మూడేళ్లుగా ఈ గడప తొక్కలేదు.

"నీకెవరు చెప్పారు?"

"మీ అమ్మాయి."

ఆవిడ కూతురి వైపు చూసింది. కూతురు దూడ వైపు చూసింది.

"తిట్టేదేదో ఆవు లేచాక తిట్టు వదినా. ముందు దబ్బనం ఇవ్వు."

సంచులు వరసగా పేర్చి, తాడు ఒరుసుకోకుండా మధ్యలో గడ్డి కూరి దబ్బనంతో కుట్టాడు. ఆ పట్టీని ఆవు పొట్ట కిందికి దూర్చి, గిలకను దూలానికి వేలాడదీసి, పట్టీకి కట్టిన తాడును దాని మీదుగా వేశాడు.

"దూలం విరిగితే?"

"విరగదు. ఈ పాకకు దూలం ఎత్తింది నేనే కదా."

"అదే నా భయం."

ముగ్గురూ తాడు లాగారు. ఆవు అంగుళం అంగుళం లేచింది. డెక్కలు నేలకు ఆనాయి. మరిది తాడు కొసను గుంజకు కట్టి, ఎండుగడ్డితో ఆవు వెనక కాళ్లు రుద్దడానికి వెళ్లాడు.

ఆవిడ గుంజ దగ్గరే నిలబడి ఆ ముడిని చూసింది. జారుముడి. కొస పట్టుకుని ఒక్కసారి లాగితే ఊడిపోతుంది. 'కావాలనే వేశాడు. ఆవు మళ్లీ కిందపడితే ఇక లాభం లేదని నేను వదిలించుకుంటాను, వీడు పట్టుకుపోతాడు!' చప్పుడు చేయకుండా కొసను ఉచ్చులోంచి దూర్చి, పైన రెండు ముడులు బిగించింది.

కాళ్లలోకి సత్తువ రాగానే ఆవు బెదిరిపోయింది. ముందుకు దూకబోయి మెలిపడింది. పట్టీ జారి మెడకు బిగిసింది. ఆవు గొంతులోంచి గురక వచ్చింది.

"వదినా, కొస లాగు!"

ఆవిడ లాగింది. ముడి ఇంకా బిగిసింది. గోళ్లు విరిగాయి. మరిది పరుగున వచ్చి ముడి చూశాడు, వదిన ముఖం చూశాడు. కూతురు గడ్డి కోసే కొడవలి అందించింది. ఒక్క వేటుకు తాడు తెగింది.

ఆవు మోకాళ్ల మీద పడి, గట్టిగా ఊపిరి పీల్చుకుని, తనంతట తనే లేచి గోడకు ఆనుకుంది.

"ప్రాణమున్నదాన్ని కట్టేటప్పుడు ముడి ఒక్క లాగుడుకి ఊడాలి వదినా. అది బస్తా కాదు."

అతను గిలక విప్పుకుంటుంటే ఆవిడ అడిగింది. "అసలు ఎందుకొచ్చావ్?"

"ఈ ఆవు పుట్టినప్పుడు కాళ్లు పట్టి బయటికి లాగింది నేనే కదా."

అంతేనా, ఇంకేమైనా ఉందా అని అతను మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. సాయంత్రం ఆవును గుంజకు కట్టేటప్పుడు జారుముడి వేసి, ఊడుతుందో లేదో రెండుసార్లు లాగి చూసుకుంది.

పాక తలుపుకు మాత్రం పీటముడే వేసింది.