నీళ్లు పడినాయో లేదో

అంగడవ్వ పోయిందన్న కబురు మా ఊరివాళ్ల గ్రూపులో ఒక కార్డుగా వచ్చింది. పూలదండ వేసిన ఫోటో, చెరోపక్క దీపం, కింద ఒక వాక్యం: నిత్యం దైవనామ స్మరణలో తరించిన పుణ్యమూర్తి. ఆ ముక్క చదివితే నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. అవ్వ దేవుణ్ణి ఏమీ అనేది కాదు గానీ, ఆయన కోసం ఎన్నడూ పేజీ మధ్యలో లేవలేదు. ఆమె తరించింది నవలల్లో. అది రాయడానికి కొడుకులకు నామోషీ అయింది.

బెళుగుప్పలో మా ఇంటి ఎదురుగా వాళ్ల కిరాణా అంగడి. భర్త పోయాక గల్లా దగ్గర కూర్చున్నది ఆమే. ఊరందరికీ ఆమె అంగడవ్వ, నాకూ అంతే. పొట్లాలు కట్టడానికి రాయదుర్గం నుంచి పాత వారపత్రికలు కట్టలు కట్టలుగా వచ్చేవి. కట్ట విప్పగానే సీరియల్ నవలలున్న పేజీలు ఏరి పక్కన పెట్టుకునేది. ఆమె చదవని పేజీలో జీలకర్ర కూడా కట్టకూడదు. అది ఆ అంగడి చట్టం. సరుకులకు వచ్చినవాళ్లు నిలబడాల్సిందే. "ఉండప్పా, ఈ పేజీ అయిపోనీ" అని చెయ్యి చూపించేది. అయితే తూకానికి కొన్న కాగితాలు వరసగా వస్తాయా? ఒక వారం భాగం దొరికితే తర్వాతి నాలుగు దొరకవు. మధ్యలో పోయిన కథను ఆమే అల్లుకునేది. తర్వాత ఎప్పుడో ఆ భాగం చేతికొస్తే తాను అల్లినదాంతో పోల్చి రచయితకు మార్కులు వేసేది. చాలాసార్లు తప్పేది రచయితే.

కాలువలూ పడవలూ ఉన్న కోస్తా నవలలైతే కరువుదీరా చదివేది. ఎన్ని నీళ్లు పెట్టుకుని ఏడుస్తాండారో చూడు వీళ్లు, అని విసుక్కునేది కూడా. మా సీమ నవల వస్తే ఇంకా ఆశగా పట్టుకునేది. అందులో వేటకొడవలి కనబడిందా, మిగతాది చదవకుండానే ఎండుమిరపకాయలకు ఇచ్చేసేది. "మన దిక్కోడు పుస్తకంలోకి వస్తే ఒగర్నన్నా నరకల్ల, ల్యాకుంటే ఉరన్నా పోసుకోవల్ల. సంగటి తిని నవ్వేటోడు ఒగడూ ల్యాడేమ్మే?" అని నన్ను అడిగింది ఒకసారి.  

అలాంటి ఆమెకు ఒక నవల దొరికింది. దాని పేరు లేదు, రాసినవాళ్ల పేరు లేదు. మొదటి భాగాలు వేరే ఏ అంగడి నుంచో ఎవరింటి పప్పుతోనో ఎప్పుడో వెళ్లిపోయాయి. చేని గట్టు మీద ముసుగు కప్పుకుని కూర్చున్న ఆడమనిషి బొమ్మ మాత్రం ప్రతి భాగం పైనా ఉండేది. మొగుడు బెంగుళూరుకు కూలికి పోతే, ఆ మనిషి చేను అమ్మనని మొండికేసి బోరు వేయిస్తుంది. దొరికిన ఆఖరి భాగంలో బోరు లారీ రొదపెడుతూ ఉంటుంది. పైకి దుమ్మే వస్తూ ఉంటుంది. ఇక ఆపుతామంటారు బోరువాళ్లు. ఇంకొంచెం దించమంటుంది ఆమె. 'ఇంకా ఉంది' అని అక్కడ ఆగిపోయింది.

నీళ్లు పడినాయా లేదా? ఉప్పుకు వచ్చినవాళ్లనూ అదే అడిగింది అవ్వ. చదువు రానివాళ్లకు కథంతా చెప్పి మరీ అడిగింది. కూలికి పోయే ఆడవాళ్లు వేరే ఊళ్ల అంగళ్లలో కట్టించుకున్న పొట్లం విప్పుకున్నాక కాగితాన్ని తొడమీద సాపు చేసి, మడిచి, తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు, ఆ బొమ్మ ఉందేమో చూడమని. పసుపు మరకలతో, చింతపండు జిగురుతో వచ్చేవి ఆ కాగితాలు. బోర్లు వేయించి వేయించి చేను పోగొట్టుకున్న రైతు ఒకాయన ఉండేవాడు మా వీధిలో. ఒకరోజు బీడీకట్ట తీసుకుంటూ అన్నాడు:

"బుక్కులోనన్నా పడనీలేవ్వా."

"పడల్లనే నాకూ ఉండాది. పడకుండానే పడినట్టు రాసింటే మాత్రం ఒప్పుకోను" అంది అవ్వ.

ఆయన బీడీ ముట్టించుకుని వెళ్లిపోయాడు.

తర్వాత పాలిథిన్ కవర్లు వచ్చాయి. వాటి వెనకే సీలు వేసిన ప్యాకెట్లు వచ్చాయి. కొడుకులు గల్లా ఎక్కారు, అంగడికి అద్దాల తలుపు పెట్టించారు, పాత కాగితాలు కొనడం మానేశారు. అవ్వ దాచుకున్న పేజీలు మంచం కింద శెనక్కాయల సంచిలో ఉండేవి. చూపు మసకబారితే ఆమెను ఆపరేషనుకు నేనుండే అనంతపురం తీసుకొచ్చారు. ఆమె ఇక్కడ కళ్లకు గంతలతో ఉండగా, అక్కడ ఇంటికి రంగులు వేయిస్తూ ఆ సంచిని పాత పేపర్లవాడికి వేసేశారు. తర్వాత నేను చూడ్డానికి వెళితే టీవీ ముందు కూర్చుని ఉంది.

"కండ్లు వచ్చినాయి, కాగితాలు పోయినాయి మ్మే" అంది. అంతే. కొడుకులను ఒక్క మాట అనలేదు. ఆమె అనకపోయినందుకు నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఊరికి వెళ్లినప్పుడల్లా నవలలు తీసుకుపోయి ఇచ్చేదాన్ని. చదివేది, బాగుందనేది, తిరిగి ఇచ్చేటప్పుడు అది దొరకలేదా అని అడిగేది. పాత పుస్తకాల అంగళ్లలో, లైబ్రరీలో వాకబు చేశాను. పేరు చెప్పమ్మా అనేవాళ్లు. పేరు ఉంటే కదా. సీరియల్‌గా వచ్చి పుస్తకం కాకుండానే పోయిన నవలలు మన భాషలో బోలెడని ఒకాయన నన్ను ఓదార్చాడు. ఆ ఓదార్పును తీసుకుపోయి అవ్వకు ఇవ్వడానికి నాకు మనసు రాలేదు.

దినాలకు వెళ్లాను. వచ్చినవాళ్లందరికీ వెనక అట్టమీద ఆమె ఫోటో అచ్చువేసిన స్తోత్రాల పుస్తకం పంచారు. జీవితమంతా చదివిన మనిషి పేరుమీద ఒకే ఒక్క పుస్తకం వచ్చింది, అదీ ఆమె తెరవని పుస్తకం. భోజనాలు అవుతుండగా కూలి పనులకు పోయే ఒక ముసలామె కర్ర ఊతంతో మెట్లెక్కి వచ్చింది. కొంగులోంచి మడిచిన కాగితం తీసి పెద్దకొడుకు చేతిలో పెట్టింది.

"గూట్లో వక్కాకు కింద పరిచింటి శెట్టీ. బొమ్మ ఆ మధ్య చూసుకుంటి. ఆయమ్మకు ఇయ్యల్లనుకుంటి, కాలిరిగి రాలేకపోతి. ఫోటో ముందర పెట్టు" అంది.

ఆయన సరేనన్నట్టు తల ఊపాడు. ఇంతలో వెనకనుంచి ఎవరో ఏదో అడిగారు. వాళ్లకు జవాబు చెబుతూనే ఆయన ఆ కాగితాన్ని పొట్లంగా చుట్టి, గంపలోంచి ఇంత బూందీ పోసి, అంచు మడిచి ముసలామె చేతిలోనే పెట్టాడు. చెడ్డవాడు కాదు. చిన్నప్పటి నుంచీ ఆ చేతులు చేసిన పని అది. అయినా ఆ చేతులను క్షమించాలని నాకు అనిపించలేదు.

ముసలామె మెల్లగా మెట్లు దిగింది. నేను లేచి వెనకే వెళ్లాను. మా ఇంటి అరుగు మీద కూర్చుని, బూందీని కొంగులో పోసుకుని, కాగితాన్ని తొడమీద పరిచి అరచేత్తో సాపు చేస్తోంది. పైన గట్టు మీది ఆడమనిషి బొమ్మ. అడుగున 'ఇంకా ఉంది' అని లేదు. కథ అయిపోయిన చోట వేసే చిన్న గీత ఉంది. పక్కన కూర్చుని చదవబోయాను. తమలపాకుల తడికి ముందే అలుక్కుపోయిన అక్షరాలు, ఇప్పుడు నూనె పీల్చుకుని రెండు వైపులవీ ఒకదానిలోకి ఒకటి దిగిపోయాయి. బోరు అన్న మాట ఒకటి పోల్చుకోగలిగాను. ఇంకేమీ లేదు.

"నీళ్లు పడినాయంటనామ్మా?" అని అడిగింది ముసలామె.

కనబడడం లేదని చెప్పాను.

"ఎండలో పెడితే ఆరుతాదిలే" అని ఆమె కాగితాన్ని అరుగు అంచున పరిచి, ఎగిరిపోకుండా ఒక రాయి పెట్టి, దాని పక్కనే కూర్చుంది.