రాజమణి మేడం యూరియా సంచి

మొన్న జడివానలో మా కొట్టుకి చీరల బేళ్ళు వచ్చాయి. తడవకుండా వాటి చుట్టూ మందపాటి పాలిథిన్ కవరు చుట్టారు. కత్తెర పెట్టి దాన్ని కోస్తుంటే ఆ ప్లాస్టిక్ వాసన ఒక్కసారిగా ముక్కుకి తగిలింది, దాని మీద నుంచి నీళ్ళు జారుతున్న చప్పుడు చెవిన పడింది. బేరం మధ్యలో ఉన్నవాణ్ణి అలాగే నిలబడిపోయాను. ఎదురుగా కూర్చున్నావిడ రెండుసార్లు పిలిస్తేగాని ఈ లోకంలోకి రాలేదు. మనిషిని తలుచుకోవడానికి మల్లెపూల వాసనో అగరుబత్తి వాసనో కావాలిగాని, ఎరువుల సంచి వాసన ఏమిటని మీకు అనిపించవచ్చు. రాజమణి మేడం సంగతి తెలిస్తే అనిపించదు.

ఆవిడది రేపల్లె. బాపట్లలో నేను ఇంటర్ చదివేటప్పుడు మాకు బోటనీ చెప్పారు. పొట్టి మనిషి, ఇస్త్రీ నలగని నూలు చీర, చేతిలో ఎర్ర సిరా పెన్ను. ఆదివారం చర్చిలో పాటలు పాడే గొంతుతోనే సోమవారం మమ్మల్ని తిట్టేవారు కాబట్టి ఆ తిట్లు కూడా శ్రుతిలోనే ఉండేవి. ఒకసారి ప్రాక్టికల్స్‌లో ఉల్లిపొర స్లైడు చేయమన్నారు. నా స్లైడు సరిగ్గా కుదరక మధ్యలో పెద్ద గాలి బుడగ వచ్చింది. నేను దాన్ని పట్టించుకోకుండా, పుస్తకంలో ఉన్నట్టే ఇటుకలు పేర్చినట్టు కణాలన్నీ శుభ్రంగా గీసి, పక్కన పేర్లు కూడా రాసేశాను. ఆవిడ వచ్చి మైక్రోస్కోపులోకి చూశారు, తర్వాత నా బొమ్మ చూశారు, తర్వాత నన్ను చూశారు.

"బుడగ ఏదిరా శ్రీనూ?"

"పుస్తకంలో లేదండి."

"పుస్తకంలో ఏముందో నాకు తెలుసు. నీకేం కనపడిందో అది గియ్యి."

పదికి రెండు మార్కులు వేశారు. అందులో ఒకటి పెన్సిలు బాగా చెక్కినందుకని తర్వాత తెలిసింది. నాకూ బోటనీకీ అంతటితో చెల్లు. డిగ్రీలో కామర్సు తీసుకుని, తెనాలిలో మా నాన్న బట్టల కొట్లో కూర్చున్నాను.

ఇరవై ఏళ్ళు గడిచాక ఒక ఆగస్టులో ఆవిడ గొడుగు మూస్తూ మా కొట్లోకి వచ్చారు. రిటైరై తెనాలిలోనే ఇల్లు తీసుకున్నారట. పట్టుచీరలు చూపించబోతే వద్దన్నారు. కొండలెక్కడానికి పనికొచ్చే వానకోటు కావాలన్నారు. నేను చెవులు రిక్కించాను. మా ప్రాంతంలో ఎక్కడానికి కొండ ఏదీ? రైల్వేస్టేషన్లో కాలివంతెన ఎక్కితేనే మాకు ఆయాసం వస్తుంది. ఆవిడ స్టూలు మీద కూర్చుని నింపాదిగా చెప్పుకొచ్చారు. హిమాలయాల్లో పూల లోయ ఉందట. అందులో నీలం రంగు గసగసాల పువ్వు పూస్తుందట, అదీ వానాకాలంలోనేనట. గల్లాపెట్టె దగ్గరున్న మా అమ్మ అది విని, గసగసాలకి అంత దూరం ఎందుకండి, మా ఇంట్లో డబ్బా నిండా ఉన్నాయి, కావాలంటే పంపిస్తానంది.

మేడం నవ్వలేదు. "ముప్పై ఏళ్ళు ఆ పువ్వు గురించి పాఠం చెప్పానురా. చార్టు మీద తప్ప ఎప్పుడూ చూడలేదు. నీ బుడగకి మార్కులు కోసినదాన్ని, నాకెవరు కొయ్యాలి?"

ఆ మాట నా మనసులో గుచ్చుకుంది. చిక్కంతా ఆవిడ మోకాళ్ళతో ఉంది. వీపు మీద ఐదు కిలోలకి మించి బరువు వేసుకుంటే కొండ సంగతి మర్చిపొమ్మని డాక్టరు ఖరాఖండీగా చెప్పేశాడు. పోనీ మోయడానికి మనిషిని పెట్టుకోండంటే, తన సంచి ఇంకొకరి వీపు మీద వేయడానికి ఆవిడకి మనసొప్పదు. అంటే వానకీ చలికీ కావలసినవన్నీ ఆ ఐదు కిలోల్లోనే ఇమడాలి, లేకపోతే పువ్వు లేదు. మీరొక్కరే ఎలా వెళతారండి అన్నాను. అది మర్యాదకన్న మాట. ఆవిడ వెంటనే, అందుకే నువ్వూ వస్తున్నావు అన్నారు.

ఆ మర్నాటి నుంచి మా కొట్టు ప్రయోగశాల అయిపోయింది. ఆవిడ కొత్త రికార్డు పుస్తకం కొని ఉద్దేశం, పరికరాలు, విధానం, పరిశీలన, ఫలితం అని గళ్ళు గీశారు. మొదటి పరీక్ష మా నాన్న రబ్బరు కోటుకి జరిగింది. ఎదురుగా బంగారం కొట్టు కోటేశ్వరరావుగారి త్రాసు మీద పెడితే రెండు కిలోలకి కాస్త తక్కువ తూగింది. వేసుకుని చూస్తే బయటి వాన కంటే లోపలి చెమటకే ఎక్కువ తడిశాను. ఆ తర్వాత కొరియర్లో రకరకాల కోట్లు తెప్పించారు. గుడ్డని దోసిట్లో గుంటలా పట్టుకుని గ్లాసెడు నీళ్ళు పోసి, కింద నుంచి నోటితో ఊది, నీళ్ళు దిగకూడదు, ఊపిరి మాత్రం కొంచెమైనా వెళ్ళాలి అనేవారు. కుట్ల మీద లోపల పట్టీ అతికించారో లేదో వేలితో తడిమి చూసేవారు. చంకల కింద జిప్పులున్న కోటు ఒకటి, అరచేతిలో ఇమిడిపోయేది, చివరికి ఎంపికైంది. చీరలు కొనడానికి వచ్చినవాళ్ళు చీరలు మానేసి ఆవిణ్ణే చూస్తూ కూర్చునేవారు. ఒకరోజు టూత్‌బ్రష్షు పిడి సగానికి కోసి తూకం వేయించారు. కోటేశ్వరరావుగారు అలవాటు కొద్దీ తరుగు ఎంత అనబోయి ఆగిపోయారు.

మా ఇద్దరికీ తగాదా వచ్చింది మాత్రం బనీను దగ్గర. మాది చీరాల నేత కుటుంబం. నూలుని మించిన బట్ట ఉందంటే మా ఇంట్లో అన్నం పెట్టరు. ఆవిడేమో ఒంటికి ఆనుకుని పల్చటి ఉన్ని బనీను, దాని మీద తేలికపాటి స్వెట్టరు, అన్నిటికీ పైన వానకోటు, మూడే పొరలు, నూలు పోగు ఒక్కటి కూడా ఉండకూడదన్నారు. కట్టేది నూలు చీర, చెప్పేది ఈ మాట. నాకు ఒళ్ళు మండింది. నూలు తడిసినా ఆరుతుంది కదండీ అని వాదించాను. తెనాలి ఎండలో ఆరుతుంది, అక్కడ ఎండ ఎవడిస్తాడురా అన్నారు. సరేనన్నాను గాని లోపల ఒప్పుకోలేదు.

ఆ ఆగస్టులోనే ఇద్దరం అమృతలూరు వైపు ఆటోలో వెళుతుండగా వాన పట్టుకుంది. రోడ్డు పక్క పొలంలో ఆడవాళ్ళు నాట్లు వేస్తున్నారు. యూరియా సంచి అడుగున ఒక మూలని రెండో మూలలోకి తోసేసి, తలకి టోపీలా తగిలించుకున్నారు. మిగతా సంచి వీపంతా కప్పుతూ వేలాడుతోంది. మేడం ఆటో ఆపించి, చెప్పులు విప్పి గట్టు మీద నడుచుకుంటూ వెళ్ళారు. ముందువైపు తడవదా అని వాళ్ళని అడిగారు. ఒకావిడ నడుము ఎత్తకుండానే జవాబిచ్చింది.

"వంగే పని కదమ్మా, వాన వీపు మీదే పడుద్ది. ముందు కూడా మూసేస్తే గాలాడొద్దూ?"

మేడం ముఖం చూడాలి అప్పుడు. కొండ ఎక్కేవాడూ వంగే నడుస్తాడు కదరా, వీపు మీద సంచితో సహా దీని కింద దాక్కోవచ్చు అంటూ ఆటోలోకి వచ్చారు. ఇంటికెళ్ళాక అలాంటి సంచి ఒకటి సంపాదించి నాలుగుసార్లు సబ్బుతో ఉతికారు. బంగారం త్రాసు మీద నూట పది గ్రాములు తూగింది. ఇన్ని రోజులుగా మేము వెతుకుతున్న దాన్ని ఆ ఆడవాళ్ళు ఏనాడో కనిపెట్టి కూర్చున్నారని, రికార్డులో ఆవిడ ఎర్ర సిరాతో రాసుకున్నారు.

వేసవి వచ్చింది. ఇక నడక పరీక్ష. మాకు దొరికిన పెద్ద ఎత్తు కృష్ణ మీది పెనుమూడి వంతెన. రేపల్లె దాకా రైల్లో వెళ్ళి, అక్కడి నుంచి ఆటోలో వంతెన చేరి, వీపున సంచులతో దాన్ని ఎక్కి దిగేవాళ్ళం, మళ్ళీ ఎక్కి దిగేవాళ్ళం. పోయే ప్రతి ఆటో ఆగేది. పెద్దావిణ్ణి ఎండలో నడిపిస్తావేంటి బాబాయ్, ఎక్కండి, ఊరికే దింపుతా అనేవారు. వద్దంటే నన్నొక కసాయివాణ్ణి చూసినట్టు చూసి పోయేవారు. రేపల్లెలో చేపలకీ రొయ్యలకీ ఐసు చేసే ఫ్యాక్టరీలో మేడం తమ్ముడు పని చూసేవాడు. మే నెలలో ఒకరోజు వంతెన నడక అయ్యాక, ఒంటి మీది చెమట ఆరకముందే, ఆవిడ నన్ను సరాసరి ఆ ఐసుగదిలోకి తీసుకుపోయారు. మూడు పొరలూ వేసుకుని ఐసు దిమ్మల మధ్య గంటసేపు కూర్చోవాలి. ఆవిడ పుస్తకం తెరిచి టైము రాసుకున్నారు. పది నిమిషాలకి నాకు పళ్ళు కొట్టుకోవడం మొదలైంది. ఇరవై నిమిషాలకి మాట తడబడింది. ఆవిడేమో పక్కన వెచ్చగా కూర్చుని కీర్తన కూనిరాగం తీస్తున్నారు.

"లోపలేముందో చెప్పు."

"ఉన్నిదేనండి."

"దానికింద?"

దానికింద మా చీరాల నూలు బనీను ఉంది. వంతెన మీద పట్టిన చెమటంతా పీల్చుకుని, తడిగుడ్డలా నా వీపుకి అతుక్కుని ఉంది. ఇక దాచలేక ఒప్పేసుకున్నాను. ఫ్యాక్టరీవాళ్ళు నన్ను ఎండలో నిలబెట్టి టీ తాగించారు. మేడం మాత్రం ఒక్క మాట కూడా తిట్టలేదు. చెమట చల్లబడ్డాక నూలు ఒంటి వేడి లాగివేయును, పరిశీలకుడు విద్యార్థి శ్రీను అని రికార్డులో రాసి, కింద నా చేత సంతకం పెట్టించారు. తిట్టి ఉంటేనే బాగుండేది.

జులై చివర్లో బయల్దేరాం. రైళ్ళూ జీపులూ అయ్యాక నడక మొదలైంది, దాంతో పాటు వానా మొదలైంది. రంగురంగుల రెయిన్‌కోట్లు గాలికి గొడుగుల్లా విచ్చుకుంటుంటే జనం వాటిని పట్టుకోలేక సతమతమయ్యారు. మేడం మాత్రం నత్రజని ఎంత శాతమో వీపు మీద రాసి ఉన్న సంచి కప్పుకుని, నాట్లు వేసే మనిషిలా వంగి, ఒక్కో అడుగే వేసుకుంటూ పోయారు. ఎదురైనవాళ్ళు ఇదెక్కడ దొరుకుతుందని హిందీలో అడిగారు. అమృతలూరు అని చెప్పారు ఆవిడ.

రెండోరోజు లోయలో మోకాలు మొరాయించింది. ఆవిడ ఒక బండ చూరు కింద కూర్చుండిపోయారు. దిగి వస్తున్నవాళ్ళు, ఆ మలుపు దాటితే రాళ్ళ మధ్య నీలం పూలున్నాయని చెప్పారు. ఇంత దూరం వచ్చి మలుపు దగ్గర ఆగిపోవడమేమిటని నేను ఆ మలుపుకేసే చూస్తూ నిలబడ్డాను. ఆవిడ మామూలుగానే, నువ్వెళ్ళి చూసి రా, ఫొటోలు వద్దు, ఫొటోలు నేనూ చూశాను, నీకు కనపడింది చెప్పు అన్నారు. పరుగున వెళ్ళాను. పువ్వు ఉంది. అంత నీలం నేను మా కొట్లో ఏ చీర మీదా చూడలేదు. కాని మేడం అక్కడ ఒంటరిగా ఉన్నారన్న గాభరాలో ఒక్క చూపు చూసి వెనక్కి పరుగెత్తాను. నాలుగు రేకులండి, మధ్యలో పసుపు కేసరాల గుత్తి, కాండం మీద ముళ్ళలాంటి నూగు అని ఒక్క గుక్కలో అప్పజెప్పాను. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నారు. తర్వాత తెరిచారు.

"ఇది నా నోట్సురా. ఇరవై ఏళ్ళ కిందట నేను చెప్పిందే నాకు చెబుతున్నావు. రేకులు లెక్కపెట్టావా?"

"లేదండి."

ఆవిడ చెయ్యి చాచి, లేవదియ్యమన్నారు. ఇన్నాళ్ళలో మొదటిసారి తన ఐదు కిలోల సంచి విప్పి నాకిచ్చారు. నేను పది నిమిషాల్లో పరుగెత్తిన దారి ఎక్కడానికి మాకు గంట పట్టింది. పది అడుగులకోసారి కూర్చున్నారు, రెండుచోట్ల చేతుల మీద పాకారు. పువ్వు ముందుకి చేరాక కళ్ళజోడు కొంగుతో తుడవబోయి, ఒంటి మీద చీర లేదని గుర్తొచ్చి, నా ఉన్ని బనీను అంచుతో తుడుచుకున్నారు. ముట్టుకోకుండా వేలు గాల్లో ఆడిస్తూ లెక్కపెట్టారు. ఐదు రేకులు. మళ్ళీ లెక్కపెట్టారు, ఐదే. అప్పుడు ఏడ్చారు. వానలో ఎలా తెలిసిందంటారా, వానకి ఎవరూ ముక్కు చీదరు.

"పుస్తకంలో నాలుగే కదండీ," అన్నాను.

"పుస్తకం అబద్ధం కాదురా. చాలావాటికి నాలుగే. దీనికి మాత్రం ఐదు."

మేడం పోయి రెండేళ్ళయింది. వాళ్ళ తమ్ముడు ఆ రికార్డు పుస్తకం, యూరియా సంచి నాకు పంపించాడు. ఇప్పుడు కొట్టుకి ఏ కొత్త గుడ్డ వచ్చినా ముందు నీళ్ళలో ముంచి, ఆరబెట్టి, నలిపి చూశాకే దాని గురించి మాట్లాడతాను. మన నేతే గొప్ప అని కళ్ళు మూసుకుని చెప్పడం మానేశాను. పెళ్ళికి కొనండి, ఎండకి కొనండి, చలికొండకి మాత్రం వద్దంటాను. మా అమ్మకి అది నచ్చదు. రికార్డు చివరి పేజీలో ఎర్ర సిరాతో ఇలా ఉంది: "రేకులు ఐదు. తోడు వచ్చిన విద్యార్థి నాలుగు అన్నాడు. మళ్ళీ వెళ్ళి చూసి రావలెను. మార్కులు: రెండు." అందులో ఒకటి సంచి మోసినందుకు అయి ఉంటుంది.

ఈ జులైలో వెళుతున్నాను. ఉదయం కోటేశ్వరరావుగారి త్రాసు మీద నా సంచి తూచాను. అమ్మ ఎప్పుడు పెట్టిందో అడుగున నూలు బనీను దొరికింది. దాన్ని తీసేసి, ఆ చోట యూరియా సంచి మడిచి పెట్టాను. ఈసారి లెక్కపెడతాను మేడం.