మసక కళ్ల ఆపాకు బొమ్మలు చెప్పిన రోజు

"ఇగ పో. నా మంచం కాడ కూసుండి ఏం జేస్తవ్?"

"పోను ఆపా."

"పో అంటే పోను అంటవ్. గీ పెంకితనం నేనే నేర్పిన్నా?"

"నువ్వే."

మేమిద్దరం చివరగా మాట్లాడుకున్న మాటలివి. తెల్లారేసరికి ఆపా లేదు. అది జరిగి ఏళ్లయింది. ఇవాళ పొద్దున మనవరాలు రమ్య నా కంట్లో మందు చుక్కలు వేస్తే ఆ చేదు గొంతులోకి దిగింది. దాంతోపాటే ఆపా గుర్తొచ్చింది. రాసేంత చదువు నాకు లేదు. నేను చెబుతున్నాను, రమ్య రాస్తోంది.

ఆపా అంటే అక్క. మహబూబ్ బీని అట్లా పిలిచేదాన్ని. శ్రీరాంపూర్‌లో మా పక్క క్వార్టర్‌లో ఉండేది, జాకెట్లు కుట్టేది. బొగ్గు గనిలో పైకప్పు కూలి నా భర్త పోయాక ఇంటికొచ్చిన వాళ్లంతా నాతో మెల్లగా మాట్లాడేవారు. నేనూ మెల్లగా మాట్లాడి మాట్లాడి, చివరికి మాట్లాడటమే మానేశాను. ఆయన బదులు ఇంట్లో ఒకరికి నౌకరీ ఇస్తామన్నారు. దాన్ని తనకే ఇవ్వడం నాకిష్టమేనని రాయించి మరిది కాగితం తెచ్చాడు. "వదినె, ఏలిముద్ర ఎయ్యి. ఆడమనిషివి, గని కాడ ఏం జేస్తవ్? మేం సూస్కోమా?" నేను తలూపాను. ఆదివారం పెద్దమనుషుల ముందు వేలిముద్ర వేయాలని తేల్చారు.

ఆ వారంలోనే ఆపా కళ్లు చూపించుకోవడానికి నన్ను తోడు పెట్టుకుని హైదరాబాదు పోయింది. ఆస్పత్రిలో చుక్కలు వేసి పరీక్ష చేశారు, అద్దాల చీటీ మధ్యాహ్నం ఇస్తామన్నారు. ఎదురుగా బొమ్మల గ్యాలరీ. ఎండ తప్పుతుందని అందులోకి పోయాం. నేను గుడికి పోయినట్టు చెప్పులు బయట విడిచాను. "తొడుక్కో పిచ్చిదానా, గీడ దేవుడు లేడు," అని ఆపా నవ్వింది. మందు వల్ల ఆమెకు అంతా మసకే. "నాకేం కనవడ్తలేదు. ఏ బొమ్మల ఏమున్నదో నువ్వే చెప్పు."

చెవిలో చెప్పబోయాను.

"గొణుగుడేంది? గట్టిగ చెప్పు."

గుర్రం అన్నాను. చెరువు అన్నాను. ఒకదాని ముందు ఆగి, "ఏందో గీతలు గీసిండు, సమజైతలేదు," అన్నాను. "కాకపోతే కాలేదని చెప్పు, శరమెందుకు?" అంది. గోడ వెంబడి అట్లా పోతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

చివరి గదిలో నిలువెత్తు బొమ్మ. గని నుంచి వచ్చి, స్నానం చేసి, అన్నం తింటున్న మనిషి. పక్కన బొగ్గు అంటిన బట్టలు. కండువా వేసుకున్న ఒక పెద్దాయన దాన్ని నలుగురికి చూపిస్తూ, అంతా ఉన్నది ఉన్నట్టే గీశారని మెచ్చుకుంటున్నాడు. నేను ఆ బొమ్మ కళ్లు చూశాను.

"ఏమున్నదే?" అంది ఆపా.

"తప్పున్నది."

"నాకు చెప్తే ఏం లాభం? గా సారుకు చెప్పు."

కాపలా అతను దగ్గరికొచ్చి మెల్లగా మాట్లాడమన్నాడు. "మెల్లగంటే నాకు ఇనవడది బేటా," అంది ఆపా. మూడిళ్ల అవతలి గుసగుస వినే మనిషి!

నేను పెద్దాయన ముందుకు పోయాను. గట్టిగానే అన్నాను. "సారూ, గీయన గని మనిషి కాదు. సబ్బుతోటి ఎంత రుద్దినా రెప్పల అంచుకు బొగ్గు పోదు. కాటుక పెట్టినట్టే ఉంటది. మా ఆయనను పాడె మీద పండవెట్టినప్పుడు గూడ ఉండె."

పెద్దాయన బొమ్మ దగ్గరికి వంగి చూసి, నా వైపు తిరిగాడు. "నాకు తెల్వదమ్మా," అన్నాడు. అంత చదువుకున్న మనిషి నాతో ఆ మాట అన్నాడు.

తిరుగు బస్సులో ఆపా ఒక్కటే అడిగింది. "ఆయితారం నాడు గా కాయితం సూసి గూడ ఏం కనవడ్తదో చెప్తవా?"

ఆదివారం పెద్దమనుషుల ముందు చెప్పాను. "గా కాయితంల నా బతుకున్నది. ఏలిముద్ర ఎయ్య. నౌకరి నేనే చేస్త." మరిది అరిచాడు. నేను అంతకన్నా గట్టిగా అరిచాను. ఆపా కొత్త అద్దాలు పెట్టుకుని తన గడపలో గుండీలు కుడుతూ కూర్చుంది, తలెత్తలేదు.

గని దగ్గర దీపాలిచ్చే గదిలో పనిచేశాను. కిందికి దిగే మగవాళ్ల టోపీ దీపాలు నా చేతుల మీదుగానే పోయేవి. ఇద్దరు బిడ్డలను చదివించాను. ఇప్పటికీ ఎవరైనా తీయగా మాట్లాడి కాగితం ముందుకు తోస్తే, అందులో ఏముందో నలుగురూ వినేలా చెప్పించుకోకుండా వదలను.

రమ్య కలం ఆపింది. నా మరిదిని అది చిన్నతాత అంటుంది. "అమ్మమ్మా, గిది చిన్నతాత సదివితే?"

"సదవనియ్. ఒక్క ముక్క కొట్టెయ్యకు. ముందుగాల నాకు సదివి ఇనిపియ్యి, మొదటి నుంచి."