నా కడుపులో మిగిలిన కరెంటు

గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ వచ్చి, హైదరాబాదు దవాఖానాలో లోపలి రేడియేషన్ పెట్టించుకున్నాను. మా వైపు దాన్ని కరెంటు పెట్టడమంటారు. మత్తిచ్చి లోపలికి సన్నని గొట్టాలు దింపుతారు. వాటిని మిషనుకు తగిలించి, అందరూ బయటికి పోయి తలుపేస్తారు. తీగ చివర జొన్నగింజంత రేడియేషన్ మందు గొట్టంలోకి వచ్చి, కొద్ది నిమిషాలు రోగాన్ని కాల్చి, మళ్లీ మిషనులోకి వెళ్లిపోతుంది. గొట్టాలు తీశాక ఒంట్లో ఏమీ మిగలదని డాక్టరమ్మ నొక్కి చెప్పింది.

పెబ్బేరుకు తిరిగొచ్చానో లేదో పరామర్శలు మొదలయ్యాయి. ఇటిక్యాల నుంచి మా ఆడబిడ్డ అరటిపండ్లతో దిగి, నా మంచం మీదే కూర్చుని, ఈ రోగంతో పోయినవాళ్లందరినీ ఊరూరా తలుచుకుంది. నాకు ఒళ్లు మండింది.

"జర దూరం కూసో. లోపల కరెంటు ఇంక దిగలే. దగ్గరకొస్తె వెంట్రుకలు ఊడ్తయట" అన్నాను.

ఆవిడ కొప్పు పట్టుకుని లేచింది. పోతూ పోతూ అరటిపండ్లు కూడా తీసుకుపోయింది. సాయంత్రానికి సంగతి వాడంతా పాకింది. ఒక్కరూ గడప తొక్కలేదు. నేను హాయిగా పడుకుని టీవీ చూశాను.

అదీ మూడునాళ్ల ముచ్చటే అయింది. గద్వాలకిచ్చిన నా కూతురికి ఏడో నెల. తొలికాన్పుకు పుట్టింటికి తెచ్చుకోవాలి. ఆ మాటెత్తగానే వియ్యపురాలు ఫోన్లో పంపనంది. ఆడబిడ్డ మోసిన మాట గద్వాల దాకా పోయింది, కడుపులో బిడ్డకు కరెంటు కొడుతుందట. వెంటనే ఆడబిడ్డకు ఫోన్ చేసి, నేనాడింది అబద్ధమని వియ్యపురాలికి నువ్వే చెప్పమని బతిమాలాను.

"నాకు తెల్వదా వదినె? బిడ్డ మీద పానం కొట్టుకుంటుంది, గందుకే గిట్లంటున్నవ్" అని ఆవిడే నన్ను ఓదార్చింది.

డాక్టరమ్మతో మాట్లాడిస్తానన్నా వియ్యపురాలు వినలేదు. దవాఖానోళ్లు అందరికీ అట్లనే చెప్తరంది.

ఆదివారం పొద్దున్నే కూతురు సంచీతో ఆటో దిగింది. అత్తతో కొట్లాడి వచ్చిందట. తిన్నగా వచ్చి నా పక్కన ఒరిగి, నా చేయి తీసి తన కడుపు మీద పెట్టుకుంది. లోపల బిడ్డ తన్నింది.

"భయం కాలేదా?" అన్నాను.

"నీ అబద్ధాలు నాకు తెల్వవా అమ్మా? చిన్నప్పటి సంది వింటున్న."

ఇద్దరం పడీపడీ నవ్వాం. కాసేపాగి అది నా మొహంలోకి చూసింది.

"మరి దవాఖానల ఉన్నప్పుడు ఫోన్ల నొప్పే లేదన్నవ్. గది గూడ అబద్ధమేనా?"

"మస్తు నొప్పైంది బిడ్డా" అని దాని భుజం మీద పడి ఏడ్చాను.