ముప్పై ఆరో బిళ్ల

మొన్న గురువారం ఏం జరిగిందో చెప్త, నవ్వుండ్రి గాని బయట చెప్పకుండ్రి. అయినా ఇంక దాచేదేమున్నది, గోదావరిఖని అంత ఎరుకైంది. బాయిలకు దిగనే దిగని మనిషిని నేను బాయిల పోగొట్టిన.

నాది చెప్పుల దుకాణం. పేరు సిరి ఫుట్‌వేర్. బొగ్గుబాయి గేటుకు సరిగ్గా ఎదురుంగ ఉంటది. షిఫ్టు దిగిన వందల మంది నా షటర్ ముందటి నుంచే పోతరు. పోతరు, అంతే. నల్లటి మొఖాలతోని సీదా ఇంటికన్న పోతరు, లేకుంటె పక్కన లచ్చక్క చాయ్ హోటల్ల ఆగుతరు. నా దుకాణంలకు రోజూ వచ్చేటోడు బాయిల పనిచేసే రాజేశం ఒక్కడే. వాడు కూడ ఫ్యాన్ కోసం వస్తడు.

నా భార్య సుజాత గడువు పెట్టింది. "దసరా దాక చూస్త. గిట్లనే ఈగలు కొట్టుకుంట కూసుంటె షటర్ ఖాళీ చెయ్యి. మా అన్న బసంత్‌నగర్‌ల లారీ ఆఫీసుల కూసోబెడ్తనన్నడు." బావ చేతికింద లారీ నంబర్లు రాసుకుంట బతుకుడు నాతోనయ్యే పని కాదు.

గప్పుడే ఫోన్ల ఒక వీడియో చూసిన. టై కట్టుకున్న ఒకాయన చెప్తుండు: "మీ చుట్టుపక్కల వ్యాపారులతో పార్ట్‌నర్‌షిప్ పెట్టుకోండి. వాళ్ల కస్టమరే మీ కస్టమరు." ఇది నాకు బాగ పట్టింది. నాలుగు రోజులు స్టూలేసుకొని కూసొని మనుషులను చదివిన. చాయ్ తాగినంక ఎటు మర్లుతరు? సగం మంది పాన్ డబ్బా దిక్కు, సగం మంది సైకిల్ స్టాండు దిక్కు. ఎవలు గూడ కింద కాళ్ల దిక్కు చూసుకుంటలేరు. కాళ్లు చూసుకోనోడు చెప్పులెట్ల కొంటడు? వీళ్లను ఎట్ల మర్లగొట్టాలె అన్నదే నాకు ఫికర్.

మొదలు ల్యాంపు రూముకు పోయిన. బాయి ఎరుకలేనోళ్లకు ఒక ముచ్చట చెప్పాలె. కిందికి దిగే ప్రతి మనిషికి ఒక నంబరుంటది, ఆ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఉంటది. దిగేటప్పుడు బిళ్ల ఇచ్చి, టోపీకి పెట్టుకునే ల్యాంపు తీసుకుంటడు. బిళ్లను ఆ నంబరు కొక్కానికి తగిలిస్తరు. పైకొచ్చినంక ల్యాంపు ఇచ్చి బిళ్ల వాపస్ తీసుకుంటడు. షిఫ్టు అయిపోయినంక కొక్కానికి బిళ్ల ఉండి, ల్యాంపు జాగల ల్యాంపు లేదంటె, మనిషి ఇంక కిందనే ఉన్నట్టు.

ల్యాంపు రూముల ఉండేది ఓదెలు కాక. వచ్చే ఏడు రిటైరైతడు.

"కాకా, మూడు షిఫ్టులోళ్లు నీ గోడ ముందటికెళ్లే పోతరు. నా దుకాణం బోర్డు చిన్నది పెట్టుకోనిస్తవా? నీకొక జత నా దిక్కు నుంచి."

కాక అద్దాల మీదికెళ్లి చూసిండు. "ఇది టాకీస్ గోడ కాదురా సత్తెన్నా. మనుషులను లెక్కవెట్టే జాగ. నీ జత నువ్వే తొడుక్కో."

మర్లి లచ్చక్క దగ్గరికి పోయిన. ఒప్పందం గిట్ల: ఆమె దగ్గర చాయ్ తాగినోళ్లకు ఒక చీటి ఇస్తది, అది తెస్తె నేను చెప్పుల మీద తగ్గిస్త. నా దగ్గర చెప్పులు కొన్నోళ్లకు ఆమె దగ్గర చాయ్ ఫ్రీ. మొదటి రోజు ఒక్క చీటి గూడ రాలేదు. పోయి చూస్తె అందరు నా చీట్లతోని మిర్చిల నూనె తుడుసుకుంటుండ్రు.

"కాయిదం ఆగదు తమ్మీ. వాళ్ల చేతులు చూసినవా?" అన్నది అక్క.

ఇంటికి పోయి పండుకున్న గాని నిద్ర రాలేదు. గూట్ల మా బాపు పాత బిళ్ల కనపడ్డది. ఆయన రిటైరైనంక అది ఇంట్ల ఎట్ల మిగిలిందో మీరు అడుగద్దు, నేను చెప్ప. ముప్పై ఏండ్లు జేబుల పెట్టుకొని తిరిగినా చెక్కుచెదరలే. తెల్లారి తాళాలు చేసే భాయ్ దగ్గరికి పోయి యాభై ఇత్తడి బిళ్లలు కోయించిన. పైకి రంధ్రం, మీద ఒకటి నుంచి యాభై దాక నంబర్లు, వెనుక దిక్కు చిన్న చెప్పు బొమ్మ.

లచ్చక్క ఒకటి చేతుల పట్టుకొని తిప్పితిప్పి చూసింది. "తమ్మీ, ఇవి అచ్చం బాయి బిళ్లల లెక్క లేవా?"

"అదే కదక్కా తెలివి. చేతికి అలవాటైన వస్తువు. ఎవ్వడు పారెయ్యడు."

ఈ మాట గుర్తుపెట్టుకోండ్రి.

రెండు రోజులు దుకాణం నడిచింది. బిళ్ల పట్టుకొని మనుషులొచ్చుడు, కాలు చాపుడు, సైజు అడుగుడు. బుధవారం సుజాత తనంతట తనే నాకు సద్ది తెచ్చింది. బసంత్‌నగర్ ముచ్చట ఎత్తలేదు.

గురువారం పొద్దుగాల రాజేశం వచ్చి ఫ్యాన్ కింద కూసున్నడు. చేతిల టిఫిన్ డబ్బా ఉన్నది.

"డ్యూటీ లేదార?"

"నాగా పెట్టిన అన్న. పెయ్యి నొస్తంది. ఇంట్ల చెప్పలే. చెప్తె స్వరూప రేషన్ దుకాణం లైన్ల నిలబెడ్తది. షిఫ్టు దిగే యాళ్లకు నేను గూడ దిగినట్టు పోత."

మధ్యాహ్నం వాడి డబ్బా వాడే తిన్నడు, నా సద్దిల సగం తిన్నడు. పొద్దు పోక తొమ్మిది జతలు తొడిగి చూసిండు. షిఫ్టు దిగినంక గూడ వాడు ఫ్యాన్ కింది నుంచి లేవలే. ఒక గంటకు గేటు దిక్కు గలాట వినవడ్డది. చాయ్ గ్లాసులు వదిలేసి మనుషులు ఉరుకుతుండ్రు.

నాకు ఆగుతదా? షటర్ సగం దించి ఉరికిన. వెనుక రాజేశం, షిఫ్టు పని చూసే ఓవర్‌మెన్ సారు కండ్ల పడొద్దని మొఖానికి తువ్వాల చుట్టుకొని, కాళ్లకు నా దుకాణం కొత్త చెప్పులతోని.

ఒక మనిషి పైకి రాలేదట. ఇంక మొఖాలు గూడ కడుగని నలుగురు, పొద్దంత చేసొచ్చినోళ్లే, మళ్ల ల్యాంపులు పెట్టుకొని వెతక దిగిండ్రు. ఎవ్వలు మాట్లాడుతలేరు. బాయి కాడ ఆ సప్పుడు లేకపోవుడు ఎట్లుంటదో మా లెక్క బాయోళ్ల ఇండ్లల్ల పెరిగినోళ్లకు ఎరుకే. నాకు బాపు యాదికొచ్చిండు.

"ఎవలట అన్నా?" అన్నడు రాజేశం తువ్వాల లోపట్నుంచి.

నేను గుంపుల జొచ్చి కనుక్కొని వచ్చిన. "పేరు ఎరుకలే. ముప్పై ఆరో నంబరట."

"అయ్యో పాపం," అన్నడు. కొంచెం సేపు నేల దిక్కు చూసిండు. "పెండ్లాం పిల్లలున్నరో ఏమో." ఇంకింత సేపు చూసిండు. "అన్నా, ముప్పై ఆరు నాది కదా."

గప్పుడే ఆటో ఆగింది. ఏడ్సుకుంట స్వరూప దిగింది. ఆఫీసోళ్లు ఆమెకు ఫోన్ చేసి నీ భర్త ఇంట్ల ఉన్నడా అని అడిగిండ్రట. ఆమె డ్యూటీకి పోయిండని చెప్పింది. మస్టర్‌ల, అంటె హాజరు బుక్కుల, పేరు లేకున్నా, లేటుగ వచ్చి దిగిండేమో అనుకున్నరు. ఇంక ఎవరికి అనుమానం?

రాజేశం తువ్వాల తీసిండు. "స్వరూపా, నేనిక్కడనే ఉన్న."

ఆమె వాన్ని పట్టుకొని ఇంకింత ఏడ్సింది. తర్వాత వాని చేతిల డబ్బా చూసింది, కాళ్లకు కొత్త చెప్పులు చూసింది. మొఖం మీద బొట్టంత గూడ బొగ్గు లేదని చూసింది. ఆ తర్వాత ఏమన్నదో నేను రాయలేను. ఓవర్‌మెన్ సారే మధ్యల అడ్డం పోయిండు.

సారు వెతకబోయినోళ్లను పైకి పిలిపిచ్చి, ఓదెలు కాక దిక్కు మర్లిండు. "వీడు పైన ఉంటె వీని బిళ్ల కొక్కానికి ఎట్లొచ్చింది?"

"పొద్దుగాల జల్దిల ఎవడో నా ముందట పెట్టి, సైకిల్ స్టాండు కాడ దొరికింది కాకా అని పోయిండు సార్. నంబరు చూసి, దిగేటోడే జారవిడిసిండనుకొని తగిలేసిన. ఆ నంబరు ల్యాంపేమో మొన్ననే రిపేరుకు పోయింది." కాక బిళ్ల తెచ్చి అద్దాలు సగం దించుకొని చూసిండు. ఎనుకకు తిప్పిండు.

"సార్, దీని మీద చెప్పున్నది."

వంద మంది ఒక్కసారి నా దిక్కు చూడలేదు. మొదలు లచ్చక్క చూసింది. చాయ్ గంటె పట్టుకొని ఉరికొచ్చినట్టుంది, ఆ గంటెతోనే నన్ను చూపిచ్చింది. "నేను ముందే చెప్పిన సార్, బాయి బిళ్లల లెక్కున్నయని." పార్ట్‌నర్‌షిప్ గింతనే ఉంటదని వీడియోల చెప్పలేదు.

సారు నన్ను కొట్టలేదు. కొట్టినా బాగుండు. పైకొచ్చిన ఆ నలుగురిని నా ముందట నిలబెట్టి, "వీళ్లకు నువ్వే చెప్పు, ఎవని కోసం దిగిండ్రో," అన్నడు. చెప్పిన. చేతులు జోడిచ్చి చెప్పిన. అండ్ల ఒకాయన ల్యాంపు ఇప్పుకుంట, "చాయ్ అన్న తాపియ్యి," అన్నడు. లచ్చక్క ఆ నాలుగు చాయ్‌లు నా పేరు మీదనే పోసింది.

తెల్లారి నుంచి మూడు షిఫ్టుల టైంకు గేటు కాడ నిలబడి, వచ్చే పోయే వాళ్లను అడుక్కొని బయటున్న నా బిళ్లలన్ని వాపస్ తీసుకున్న. ఆఖరుది అప్పజెప్ప ల్యాంపు రూముకు పోతె, ఓదెలు కాక నిచ్చెన ఎక్కి గోడ మీద ఎర్ర రంగుతోని రాస్తుండు. సారు ఆర్డరట. ఒక్కో అక్షరం మూరెడున్నది:

"హెచ్చరిక. గేటు ఎదురుగా ఉన్న సిరి ఫుట్‌వేర్ వారి బిళ్లలు ఇక్కడ తీసుకోము."

కింద చెప్పు బొమ్మ గూడ ఏసిండు. నాకంటె మంచిగ ఏసిండు.

నేను అడిగింది చిన్న బోర్డు. జత చెప్పులిస్తనన్నా వద్దన్న గోడ అది. ఇప్పుడు మూడు షిఫ్టులోళ్లు దిగేముందు ఒకసారి, ఎక్కినంక ఒకసారి నా దుకాణం పేరు చదువుతరు. చదివి ఊరుకుంటలేరు. పాన్ డబ్బా దిక్కు కాదు, సైకిల్ స్టాండు దిక్కు కాదు, సీదా నా దిక్కే మర్లుతుండ్రు. సుజాత నిన్న వాళ్లన్నకు ఫోన్ చేసి, "ఇప్పట్ల రాడన్నా," అని చెప్తుంటె విన్న.

వచ్చినోడల్లా గుమ్మంల నిలబడి ఒక్కటే అడుగుతడు: "ఆ మనిషిని పోగొట్టినోడివి నువ్వేనా?"

"నేనే. ఏ సైజు?"