సంగటిలో కలిపిన మాత్ర

మా ఆయన ఫ్యాక్టరీ నుంచి అన్నం డబ్బా ముట్టకుండా తిరిగి తెచ్చిన రోజే నాకు అనుమానం రావాల్సింది. "పక్క మెషీన్ వాళ్ళు దీంట్లో ఏదో కలిపినారు లక్ష్మీ" అన్నాడు. నేను నవ్వేశాను. వారం తిరిగేసరికి ఆయనకు నిద్ర లేదు, డ్యూటీకి పోవడం మానేశాడు.

బెంగళూరు పక్కన మేముండే జిగణిలో డాక్టరు బ్లడ్ టెస్టులు, స్కాన్ చేయించి, అన్నీ నార్మల్ అని పెద్దాసుపత్రికి పంపాడు. అక్కడి డాక్టరు, "ఇది సైకోసిస్ అమ్మా, లేనివి ఉన్నట్టు నమ్మించే మనసు జబ్బు. మాత్రలు మానకుండా వేస్తే తగ్గుతుంది" అన్నారు. వేసుకునే మనిషేడీ? చేతిలో పెడితే విసిరికొట్టాడు. ఇక మాత్ర పొడి చేసి రాగి సంగటిలో కలిపాను. పది రోజులు హాయిగా నిద్రపోయాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను. పదకొండో రోజు ముద్దలో నలగని తెల్లటి ముక్క కనబడింది ఆయనకు.

"నువ్వు కూడానా?" అన్నాడు. ఆ చూపు చచ్చేదాకా మర్చిపోను.

ఆ తర్వాత నేను ఇస్తే పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. అడ్మిట్ చేశాం. వార్డులోనూ కంచం తోసేసేవాడు. ఇక జన్మలో నా చేతి కూడు తినడేమోనని ఏడ్చాను.

అక్కడి నర్సు సునంద సిస్టర్‌ది అనంతపురం వైపు. మూడు రోజులు ఆయన్ను బలవంతం చేయకుండా ఊరికే గమనించింది. నాలుగో రోజు నన్ను పక్కకు పిలిచింది. "అక్కా, అన్న అరటిపండు తింటా ఉండాడు, ఉడకబెట్టిన గుడ్డు తింటా ఉండాడు. తాను వొలుచుకునేవి తప్ప ఇంకేమీ ముట్టడంలే. ఇంట్లో కూట్లో మాత్ర కలిపినారా?"

బావురుమన్నాను. డాక్టరు దగ్గర కూడా దాచిన మాట అది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు.

"భయంతో చానామంది చేసేదే. చెప్పాల్సింది నాకు కాదక్కా, అన్నకు. నేను పక్కనే ఉంటా."

ఆయన మంచం పక్కన కూర్చుని చెప్పాను. "సంగటిలో కలిపింది నేనే. విషం కాదు, మాత్ర. భయపడి చేసినా."

ఆయన సిస్టర్ వైపు తిరిగాడు. "అంటే నేను చూసింది నిజమే గదా?"

"కలిపింది నిజమే అన్నా. విషమనేది మాత్రం నిజం కాదు."

ఆయన మాటలో సగమైనా నిజముందని ఎవరైనా ఒప్పుకోవడం అదే మొదటిసారి. సిస్టర్ మాత్రల షీటు ఆయన చేతికే ఇచ్చింది. "పేరు చదువుకోండి. మీరే చింపుకోండి" అంది. మరుసటి రోజు పొద్దున తానే చింపుకుని వేసుకున్నాడు. నా గుండె మీది బండ దిగింది.

మధ్యలో ఆ మాత్రల వల్ల చేతులు వణికాయి, ఎప్పుడూ మగతగా ఉండేవాడు. డాక్టరు డోసు మార్చారు. ఇప్పుడు మళ్ళీ డ్యూటీకి పోతున్నాడు, ఫాలో-అప్ తప్పడం లేదు. ఇంటికొచ్చిన వారానికి సంగటి చేయమని అడిగి, పొయ్యి పక్కనే నిలబడి చూశాడు. నేను తెడ్డు ఆయనకే ఇచ్చాను. అప్పట్నుంచి మా ఇంట్లో సంగటి గెలికేది ఆయనే, నాకు వడ్డించేదీ ఆయనే.

మీ ఇంట్లో ఎవరైనా మాత్ర వద్దంటే ఆ రోజే డాక్టరుకో నర్సుకో చెప్పండి. తినే కంచంలో మాత్రం దాచకండి. నాకు ఆ కంచం మళ్ళీ దక్కింది, అందరికీ దక్కకపోవచ్చు.